ముక్క తీస్తే క్యాన్సర్ పాకదు, ఆ మెసేజ్ ఇక ఆపండి

ఈ వారంలో అదే మెసేజ్ నాకు నాలుగుసార్లు వచ్చింది. పదో తరగతి బ్యాచ్ గ్రూపులో, ఎంవీపీ కాలనీలో మా అపార్ట్‌మెంట్ గ్రూపులో, ఒక సహోద్యోగి నుంచి, నిన్న రాత్రి మా మేనత్త నుంచి. బయాప్సీ, అంటే గడ్డలోంచి ముక్క తీసి చేసే పరీక్ష, ఒక దోపిడీ అని అందులో ఐదు మాటలు రాశారు. గడ్డని సూదితో పొడిచినా, ముక్క కోసినా క్యాన్సర్ ఒళ్లంతా పాకుతుందట. స్కానూ రక్తపరీక్షా ఉండగా ముక్క అక్కర్లేదట. రిపోర్టుకి వారం పట్టడం నాటకమట. డబ్బు కోసమే రెండోసారి తీస్తారట. ఆ ముక్కల్ని విదేశాలకి అమ్ముకుంటారట.

విశాఖలో ఒక ల్యాబ్‌లో పంతొమ్మిదేళ్లుగా నేను చేస్తున్నది ఈ ముక్కల పనే. అందుకే చదివి ఊరుకోలేకపోతున్నాను.

అమ్ముకోవడం అబద్ధం. ముక్కని మైనంలో పోసి చేసిన దిమ్మలు, అంటే బ్లాకులు, నంబర్ల వారీగా మా సొరుగుల్లోనే ఉంటాయి. ఇంకో డాక్టరుకి చూపించుకుంటామంటే సంతకం పెట్టించుకుని స్లైడ్లూ బ్లాకులూ ఇస్తాం. వాటిని అగనంపూడి క్యాన్సర్ ఆసుపత్రికి పట్టుకెళ్లేవాళ్లు ఎందరో.

స్కాన్‌లో గడ్డ ఎక్కడుంది, ఎంతుంది అన్నది తెలుస్తుంది. అది ఏమిటన్నది చాలాసార్లు తెలియదు. రక్తంలో సీఏ 125 అనే ప్రొటీన్ పెరిగితే అండాశయ క్యాన్సరే కానక్కర్లేదు, గర్భాశయపు లోపలి పొర లాంటిది బయట పెరిగే ఎండోమెట్రియోసిస్‌లోనూ పెరుగుతుంది, కడుపులో టీబీ ఉన్నా పెరుగుతుంది.

ఇక వారం సంగతి. ముక్క ముందు ఫార్మాలిన్‌లో, అంటే కుళ్లకుండా కాపాడే మందులో, నానాలి. ఆ మందు గంటకి సుమారు ఒక మిల్లీమీటరే లోపలికి దిగుతుంది. తర్వాత ఆల్కహాల్‌లో నీరంతా లాగి, జైలీన్ అనే ద్రావకంలో పెట్టి, 60 డిగ్రీల దగ్గర కరిగిన మైనం పట్టించాలి. దానికే ఒక రాత్రి పోతుంది. పొద్దున్నే బ్లాకుని ఐసు మీద పెట్టి, మైక్రోటోమ్ అనే కోత యంత్రం చక్రం తిప్పుతూ నాలుగు మైక్రాన్ల మందంలో పొరలు కోస్తాను, మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. వెంట్రుక అంతకు పదిహేను రెట్లకు పైగా లావుంటుంది. మే నెల ఉక్కలో బ్లాకు ఊరికే మెత్తబడుతుంది. అయినా ఫ్యాన్ వేసుకోలేం, రిబ్బన్‌లా వచ్చే ఆ పొరలు గాలికి ఎగిరిపోతాయి. ఆ రిబ్బన్‌ని గోరువెచ్చని నీళ్ల మీద తేల్చి, ముడత పడకుండా స్లైడ్ మీదికి ఎత్తాలి. రంగు వేశాక కణాల కేంద్రకాలు నీలంగా, మిగతాది గులాబీగా కనిపిస్తాయి. అప్పుడు గానీ స్లైడ్ డాక్టరుగారి మైక్రోస్కోపు కిందికి వెళ్లదు. ఎముక ముక్కయితే ముందు సున్నం కరిగించడానికే రోజులు పడుతుంది. రొమ్ము క్యాన్సరైతే ఏ మందు పనిచేస్తుందో చూడటానికి కణాల మీద హార్మోన్ గ్రాహకాలు (ఈఆర్, పీఆర్), హెర్2 అనే ప్రొటీన్ ఉన్నాయేమో చూసే పరీక్షలు కూడా కావాలి. ఇందులో నాటకం ఎక్కడుంది?

నన్ను అన్నిటికంటే బాధపెట్టింది మొదటి మాట. గాజువాకలో మా పిన్నికి మెడ పక్కన గడ్డ లేచింది. సూది పరీక్ష చేయిద్దామంటే ఇలాంటి మెసేజే చూపించి, "పొడిస్తే పాకిపోతుందటమ్మా, నేను రాను" అంది. నాలుగు నెలలు ఆకు పసర్లు కట్టింది. క్యాన్సరే అని తనకి తానే ఖాయం చేసుకుని అన్నం మానేసింది, గాజులు తీసి కూతుళ్లకి పంచేసింది. చివరికి బతిమాలి తీసుకెళ్లాం. రక్తం తీసే సూది కంటే సన్నటి సూది, రెండు నిమిషాల పని. టీబీ అని తేలింది. ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే మందులే ఆరు నెలలు వాడింది, నయమైంది. ఆ నాలుగు నెలల ఏడుపుకి ఈ మెసేజ్ రాసినవాళ్లు ఏం జవాబు చెబుతారు? పిన్నిది టీబీ కాబట్టి సరిపోయింది. నిజంగా క్యాన్సరే అయ్యుంటే అది సూది కోసం ఆగేదా? ఎవరూ ముట్టుకోకపోయినా రక్తం ద్వారా, లింఫు ద్వారా తన దారిన తాను పాకుతుంది. ఆలస్యం చేసి వచ్చి, అప్పటికే ముదిరిన రోగాన్ని సూది మీదికి నెట్టడం అన్యాయం.

అయితే ఆ భయం పూర్తిగా గాలిలోంచి పుట్టింది కాదు, అదీ చెప్పాలి. కాలేయపు గడ్డల్లో సూది వెళ్లిన దారిన కణాలు అంటుకోవడం అరుదుగా జరుగుతుంది. వృషణంలో క్యాన్సర్ అనుమానముంటే డాక్టర్లే సూది వేయరు. గజ్జ దగ్గర కోసి, వృషణం మొత్తం తీసి అప్పుడు పరీక్షకి పంపుతారు. ఎముక గడ్డకి సూది ఎటు నుంచి వేయాలన్నది తర్వాత ఆపరేషన్ చేయబోయే సర్జనే చెప్పాలి, ఆ దారిని కూడా కలిపి తీసేయడానికి. అంటే ఎక్కడ వేయకూడదో తెలిసినవాళ్లే మిగతాచోట్ల వేయమంటున్నారు.

రెండోసారి తీయడం గురించి మెసేజ్‌లో రాసినదాంట్లోనూ కొంత నిజముంది. తప్పు మావైపు వాళ్లదే. ఒకసారి నర్సీపట్నం వైపు ఒక నర్సింగ్ హోమ్ నుంచి శనివారం తీసిన ముక్క సోమవారం మా చేతికొచ్చింది. మూత తీస్తే ఘాటు లేదు, కుళ్లు వాసన. ఫార్మాలిన్‌కి బదులు సెలైన్ పోశారు. స్లైడ్ మీద కణాలన్నీ అలుక్కుపోయాయి. ఆ పెద్దాయన మళ్లీ కోయించుకోవాల్సొచ్చింది, మళ్లీ డబ్బు కట్టాల్సొచ్చింది. ఆయన కోపం న్యాయమే.

అందుకని ముక్క తీసే రోజున సీసాలో పోసింది ఫార్మాలినేనా అని అడగండి. ముక్క మునగడం చాలదు, దానికి కనీసం పది రెట్లు ఉండాలి. పేరు మూత మీద కాకుండా సీసా మీదే రాయించండి. మూతలు మారిపోతాయి.