గురువుగారి ఆఖరి మాటకు ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ గురువుగారి ఆఖరి మాట గారి దివ్య సముఖమునకు, విశాఖపట్నం కంచరపాలెం నుంచి మీ చిరకాల ప్రేక్షకుడు చేసుకుంటున్న విన్నపం. ఉభయకుశలోపరి. మీరు కాలుపెట్టిన చోట ఇంక కుశలం ఏమిటని అడక్కండి. ఉత్తరమన్నాక అలా మొదలుపెట్టడం మా ఇళ్లలో అలవాటు.

అయ్యా, మిమ్మల్ని నేను మొదట చూసింది జగదాంబలో, డెబ్బై ఎమ్మెమ్ తెర మీద. కొండ మీద గుడి, తెల్లగడ్డం ముసలాయన. వరదలో కొట్టుకొచ్చిన పిల్లాడినొకణ్ణి, దొంగలు తగలబెట్టిన ఊళ్లో దొరికిన పిల్లాడినొకణ్ణి తెచ్చి పెంచుతాడు. పెద్దాడికి పిడిగుద్దు, చిన్నాడికి ఎగిరి తన్నే తన్ను నేర్పుతాడు. ఇద్దరికీ ఒకే కుండలోంచి అన్నం పెడతాడు గానీ, పెట్టెలో తాళం వేసిన ఆ పాత పుస్తకం ఎవరికి దక్కుతుందో మాత్రం ఇరవై ఏళ్లు నోరు విప్పడు. చివరికి ఎవడో విషం పెడతాడు. అప్పుడు బయల్దేరతారు మీరు, తీరిగ్గా. కొండగాలి గురించి ఒక మాట, వెదురు వంగడం గురించి ఒక మాట, క్షమాగుణం గురించి నాలుగు మాటలు. వీటన్నిటికీ ఊపిరి సరిపోతుంది. తీరా "నా తర్వాత ఈ పీఠం..." అనేసరికి పెదవి చివర రక్తం, మెడ పక్కకి వాలిపోవడం. ఆ పైన గంటసేపు అన్నదమ్ములిద్దరూ ఒకరి పక్కటెముకలు ఒకరు లెక్కపెట్టుకుంటారు.

ఇంటర్వెల్లో సోడా తాగుతూ హాలంతా ఒకటే తీర్పు: "పెంచుకున్నవాడు పెంచుకున్నవాడేనండీ!" ఇద్దరూ పెంచుకున్నవాళ్లేనన్న సంగతి ఎవరికీ పట్టలేదు. మిమ్మల్ని మాత్రం ఒక్కరూ పల్లెత్తు మాట అనలేదు, పైగా మీ కోసం కళ్లు తుడుచుకున్నారు. బయటికొచ్చాక పేటలో ప్రతి కుర్రాడూ విరిగిన కుర్చీ కోళ్లకి సైకిల్ చైను బిగించి తిప్పి, సొంత మోచెయ్యి వాచేలా కొట్టుకున్నాడు. అది వేరే కథ.

సినిమాయే కదా అని సరిపెట్టుకుందామంటే మీరు తెర దిగి కూడా తిరుగుతారు. ఒకినావా కరాటేని 1922లో టోక్యోకి తీసుకెళ్లి చూపించిన గిచిన్ ఫునకోషి, ముందుగా చెయ్యెత్తేవాడు కరాటే మనిషి కాడని శిష్యులకి బతికినన్నాళ్లూ చెప్పాడు. 1957లో ఆయన పోతే, అంత్యక్రియలు ఎవరు జరిపించాలన్న దగ్గరే ఆ శిష్యులు రెండు ముక్కలయ్యారు. ఇంక క్యోకుషిన్ కరాటే పెట్టిన మాస్ ఒయామా సంగతి మీకు నేను చెప్పాలా? 1994లో టోక్యోలో పోయాడు. ఆస్పత్రి మంచం మీద నుంచి చెప్పి రాయించాడన్న వీలునామా కోర్టుకెక్కింది. అక్కడి కోర్టులు దాన్ని ఒప్పుకోలేదు. ఇవాళ ఆయన ఫొటోకి దణ్ణం పెట్టి, పక్కవాడి ఫొటోకి దణ్ణం పెట్టని సంస్థలు ఎన్నో. వట్టి చేత్తో ఎద్దుల కొమ్ములు విరిచాడని పేరు పడ్డ మనిషి మీ ఒక్కరి దగ్గరే తేలిపోయాడు.

అంత దూరపు గొడవలు నాకెందుకంటారా? మీరు మా పేటకి కూడా దయచేశారు కనక.

మా కరాటే మాస్టారికి పిల్లల్లేరు. చెల్లెలు పోతే ఆమె కొడుకుని తెచ్చుకున్నారు. కొన్నాళ్లకి ఫిషింగ్ హార్బర్‌లో వలల కుప్ప మీద పడుకునున్న ఇంకొకణ్ణి తెచ్చారు. "ఇద్దరూ నా దత్తపుత్రులే" అని కనబడ్డవాడికల్లా చెప్పేవారు. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం చూస్తే, కొడుకు ఉన్నవాడు మళ్లీ కొడుకుని దత్తు చేసుకోవడానికి లేదు. ముందున్నది దత్తు కొడుకైనా అంతే. అంటే ఆ చట్టం కింద ఇద్దరిలో ఒక్కడికే చోటు. ఆ ఒక్కడెవడో మాస్టారు ఏ కాగితం మీదా పెట్టలేదు. ఇంకో తమాషా, చెల్లుబాటయ్యే దత్తతని రద్దు చెయ్యడం కూడా ఆ చట్టంలో కుదరదు. మీ సినిమా గురువులు వానలో నిలబడి "ఇవాళ్టి నుంచి నువ్వు నా కొడుకువి కాదు" అని అరిచే అరుపుంది చూశారూ, అది మా రిజిస్ట్రారాఫీసు గుమ్మం దగ్గరే ఆగిపోతుంది.

పోయే రోజు రాత్రి మాస్టారి చుట్టూ సగం పేట ఉంది. మీరొచ్చారు. "షెడ్డు... నా బెల్టు... పెద్దా..." అన్నారు, ఆగిపోయారు. పెద్దాడికన్నారని ఒకడు. పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మన్నారని ఇంకొకడు. ఆ రెండో అర్థమే నిజమైతే మనమందరం ఎంత ఘనకార్యం చేశామో ఆలోచించండి.

పదకొండో రోజు భోజనాలయ్యాయో లేదో, రేకుల షెడ్డు మధ్యన ప్లైవుడ్ గోడ లేచింది. ఇటువైపు "అసలైన" కరాటే, అటువైపు "అసలు సిసలు" కరాటే, మాడుగుల హల్వా దుకాణాల వరసలాగ. మేకుకి వేలాడే మాస్టారి బ్లాక్ బెల్టు చిన్నాడు పట్టుకుపోయాడు. ఏళ్ల తరబడి ముడి పడ్డ చోట నలుపంతా అరిగి, లోపలి తెల్ల నూలు బయటపడ్డ బెల్టది. నడుముకి చుట్టుకుంటే పీలికలు రాలతాయి. అయినా దాని కోసం తెగబడ్డారు.

"ఏటన్నియ్యా, నా పిల్లల్ని నీ వేపు లాగేస్తన్నావంట?"

"నీ పిల్లలేట్రా? షెడ్డు నాది, పిల్లలూ నాకే. ముందా బెల్టు ఇలాగెట్టు."

"బీచ్‌కి రా, ఇస్తాను."

వెళ్లారండీ. తెల్లారకుండా ఆర్కే బీచ్. మీరు నేర్పిన మర్యాద ప్రకారం చొక్కాలు విప్పారు, సముద్రానికి నమస్కరించారు, పది అడుగులు వెనక్కి వేశారు. వాకింగ్ పెద్దమనుషులు ఇదేదో షూటింగ్ అనుకుని సెల్ ఫోన్లు తీశారు. ఏనుగుని గుండెల మీదికి ఎక్కించుకున్న కోడి రామ్మూర్తి నాయుడు గారు కూడా అదే బీచ్ రోడ్డులో విగ్రహమై ఉన్నారు, ఆయనకి ఈ భాగ్యం కూడా రాసిపెట్టి ఉంది. ఇద్దరూ ఒకేసారి మావాషీ గెరీ ఎత్తారు. గిర్రున తిరిగి కొట్టే తన్ను అది. నేల మీదున్న పాదం కూడా దాంతోపాటు తిరగాలి. తడి ఇసకలో పాదం కూరుకుపోతుంది, నడుం తిరుగుతుంది, మడమ తిరగదు. మధ్యలో మోకాలు ఏం పాపం చేసింది? రెండు "అమ్మో"లు వినిపించాయి. అన్నదమ్ములిద్దరూ ఒకే ఆటోలో ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లారు, ఒకరి మొహం ఒకరు చూడకుండా.

ఒకవేళ ఆ తన్ను తగిలినా ఏం ఒరిగేది? 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో, 75 కిలోల పైవాళ్ల కరాటే ఫైనల్లో సౌదీ కుర్రాడు 4-1తో ముందుండి ఇరాన్ ఆటగాణ్ణి మెడ మీద తన్ని పడగొట్టాడు. దెబ్బ హద్దు దాటిందని వాణ్ణి తప్పించి, స్ట్రెచర్ మీద వెళ్లినవాడికి బంగారం ఇచ్చారు. ఈ నియమం మీ సినిమాల్లో ఉంటే అన్నదమ్ములు ముందు నువ్వు తన్నంటే ముందు నువ్వు తన్నని బతిమాలుకుంటారు.

కాబట్టి అయ్యా, ఈసారి ఎక్కడికైనా వెళ్లేటప్పుడు కాస్త ముందుగా వెళ్లండి. గురువుగారు ఉప్మా తిని అరుగు మీద కూర్చున్నప్పుడు, ఒంట్లో ఓపికున్నప్పుడు. పేరు ముందు చెప్పండి, వెదురుబొంగు తర్వాత. వీలునామాకి స్టాంపు పేపరు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరీ కాదు. తెల్లకాగితం, ఆయన సంతకం, ఇద్దరు సాక్షుల సంతకాలు చాలు. ఏడవడానికి అంతమంది చేరతారే, అందులో ఇద్దరికి పెన్ను ఇవ్వలేరా?

చిత్తగించవలెను.

ఇట్లు,
ప్లైవుడ్ గోడకి ఇటుపక్క మనవణ్ణి, అటుపక్క మనవరాల్ని చేర్పించి నలిగిపోతున్న ఒక తాత

తా.క.: మాస్టారు బతికుండగా ఇద్దరికీ ఫీజు ముందే కట్టేశాను. చిన్నాడు పెద్దాణ్ణి అడగమంటాడు, పెద్దాడు మాస్టారినే అడగమంటున్నాడు.