ఐర్లండ్ కిటికీలో దీపం

ఈ రోజు మార్చి 17, ఐరిష్ వారి జాతీయ పండుగైన సెయింట్ పాట్రిక్ పండుగ. ఐర్లండ్ రాజధాని డబ్లిన్‌లో ఎంత సందడో న్యూయార్క్‌లో, బోస్టన్‌లో, సిడ్నీలో అంత సందడి. షికాగో వాసులైతే 1962 నుంచి ఈ పండుగకు తమ నదికే ఆకుపచ్చ రంగు కలుపుతున్నారు. ఇందులో ఒక విశేషం ఉంది. న్యూయార్క్‌లో ఐరిష్ వారి ఊరేగింపు 1762లో మొదలైంది. అప్పటికి అమెరికా అనే దేశమే లేదు. డబ్లిన్‌లో ప్రభుత్వం తరఫున తొలి ఊరేగింపు జరిగింది 1931లో. ఇల్లు వదిలి వెళ్లినవారు పరాయి గడ్డ మీద ఒకరినొకరు చూసుకోవడానికి కల్పించుకున్న వేడుక ఎన్నో ఏళ్లకు పుట్టింటికి చేరింది. ఐరిష్ అస్తిత్వాన్ని అర్థం చేసుకోవాలంటే ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి.

1841 జనాభా లెక్కల్లో ఆ ద్వీపంలో 80 లక్షలకు పైగా మనుషులున్నారు. నేడు ఐర్లండ్ రిపబ్లిక్‌నూ, బ్రిటన్‌లో భాగమైన ఉత్తర ఐర్లండ్‌నూ కలిపినా 70 లక్షల దగ్గరే ఉన్నారు. నూట ఎనభై ఏళ్లు దాటినా పూడని లోటు అది. 1845లో బంగాళదుంప పంటకు తెగులు సోకింది. పేద కౌలురైతుకు పూటపూటా అదే తిండి. ఏడేళ్లలో సుమారు 10 లక్షల మంది ఆకలికీ, ఆకలి వెంట వచ్చిన జ్వరాలకూ బలైపోయారు. మరో 10 లక్షలకు పైగా ఓడలెక్కారు. అదే సమయంలో ఐర్లండ్ రేవుల నుంచి ధాన్యం, పశువులు ఇంగ్లండుకు తరలిపోతూనే ఉన్నాయి. 1876–78 ధాత కరవులో మద్రాసు ప్రెసిడెన్సీలోనూ జనం చస్తుంటే ధాన్యం ఓడలకెక్కింది. అదే సామ్రాజ్యం, అదే లెక్క. ఐరిష్ వారి కరవు తెలుగువారికి పరాయి కథలా వినిపించదు.

ఆ వలసను వాళ్లు ఎలా భరించారో చెప్పే ఆచారం ఒకటుంది. అక్కడ మనిషి పోతే శవం పక్కన బంధువులు, ఇరుగుపొరుగు రాత్రంతా మేలుకొని కూర్చుంటారు. కొడుకో కూతురో అమెరికా బయలుదేరే ముందు రాత్రి కూడా అచ్చం అలాంటి జాగారమే చేసేవారు. దాన్ని ‘అమెరికన్ వేక్’ అనేవారు. తెల్లవార్లూ పాటలు, నాట్యం, మధ్యమధ్య తల్లి శోకాలు. తెల్లారాక కొంత దూరం సాగనంపి వెనుదిరిగేవారు. కళ్లెదుట బతికే ఉన్న బిడ్డను మళ్లీ చూస్తామన్న ఆశ ఎవరికీ ఉండేది కాదు. ఈ రోజు ఊరేగింపులో మోగే ఫిడేలు వెనుక ఆ రాత్రులున్నాయి.

మనుషులతోపాటు భాషా పోయింది. ఐరిష్ భాష మాట్లాడే పశ్చిమ తీరపు పల్లెలనే కరవు ఎక్కువగా కబళించింది. బడిపిల్లవాడి మెడలో ఒక కర్రముక్క వేలాడదీసి, నోట ఐరిష్ మాట వచ్చినప్పుడల్లా దాని మీద ఒక గాటు పెట్టి, చివరికి గాట్లు లెక్కపెట్టి దెబ్బలు కొట్టేవారు. పిల్లలకు ఇంగ్లిష్ వస్తేనే బతుకుతారని తల్లిదండ్రులూ దీనికి తలూపారు. తెలుగు మాట్లాడినందుకు పిల్లల మెడలో పలకలు వేలాడదీసిన బడి మన నేల మీదా వార్తలకెక్కింది కనుక, ఆ కర్రముక్క మనకు బాగానే అర్థమవుతుంది. భాషను నిలబెట్టడానికి 1893లో గేలిక్ లీగ్ ఏర్పడింది. దాని వ్యవస్థాపకుల్లో ఒకరైన డగ్లస్ హైడ్ 1938లో దేశానికి తొలి అధ్యక్షుడయ్యారు. 1996లో ఐరిష్ టీవీ చానల్ వచ్చింది. 2007లో ఐరోపా సమాఖ్య అధికార భాషల్లో ఐరిష్ చేరింది. అయినా 2022 లెక్కల్లో భాష వచ్చని చెప్పినవారు 18 లక్షలకు పైగా ఉంటే, బడి బయట రోజూ మాట్లాడేవారు 72 వేలు. పండుగనాడు ఆకుపచ్చ టోపీ పెట్టుకోవడం కన్నా ఇంట్లో, అంగడిలో ఆ నాలుగు మాటలు ఆడటం కష్టం. ఆ కష్టం పడుతున్న పల్లెలకూ బడులకూ మా నమస్సులు.

1990లో అధ్యక్షురాలైన మేరీ రాబిన్సన్ అధికార నివాసంలోని వంటింటి కిటికీలో ఒక దీపం పెట్టించారు. దూరదేశాల్లో ఉన్న బిడ్డలందరికీ ఇల్లు గుర్తుంచుకుందని చెప్పే దీపం. 1998లో ప్రజలు ఓటుతో ఆమోదించిన సవరణ, విదేశాల్లోని ఐరిష్ సంతతితో ఆ జాతికున్న ప్రత్యేక అనుబంధాన్ని రాజ్యాంగంలోనే రాసింది. ఇంకో జ్ఞాపకం కార్క్ జిల్లాలోని మిడిల్టన్‌లో ఉంది. 1847లో అమెరికా ఆదివాసులైన చోక్టాలు ఐరిష్ కరవు సంగతి విని 170 డాలర్లు పోగుచేసి పంపారు. కొన్నేళ్ల కిందటే సొంత నేల నుంచి గెంటివేతకు గురై, దారిలో తమవారిని వేలల్లో పోగొట్టుకున్న జనం వాళ్లు. ఆ రుణానికి గుర్తుగా తొమ్మిది ఉక్కు ఈకలు గుండ్రంగా, అన్నం గిన్నె ఆకారంలో అక్కడ నిలబడి ఉన్నాయి. 2020లో కరోనా నవాహో, హోపీ ఆదివాసులను కుదిపేసినప్పుడు ఐర్లండ్ నుంచి చందాలు వెల్లువెత్తాయి. మాకు అన్నిటికన్నా విలువైన ఐరిష్ వారసత్వంగా కనిపించేది ఇదే.

ఆ గడ్డతో మనకూ రుణానుబంధం ఉంది. తర్వాత మన రాష్ట్రపతి అయిన వరాహగిరి వెంకటగిరి 1913లో డబ్లిన్ వెళ్లి న్యాయశాస్త్రం చదివారు. బ్రిటిష్ పాలనపై ఐరిష్ వారు చేసిన 1916 ఈస్టర్ తిరుగుబాటు తర్వాత బ్రిటిష్ ప్రభుత్వం ఆయనను ఐర్లండ్ విడిచి పొమ్మంది. రోస్‌కామన్ జిల్లా బాయిల్‌లో పుట్టిన మార్గరెట్ కజిన్స్ తన దేశంలో మహిళల ఓటు హక్కు కోసం పోరాడి 1915లో భారత్ వచ్చారు. 1919లో రవీంద్రుడు మదనపల్లె వచ్చినప్పుడు ‘జనగణమన’ బాణీని స్వరబద్ధం చేసింది ఆమే.

అలాంటి దేశంలో 2025 వేసవిలో భారతీయుల మీద వరుసగా దాడులు జరిగాయి. డబ్లిన్ శివారు టాలాలో ఒకరిని నెత్తురోడేలా కొట్టారు. జాగ్రత్తగా ఉండండని మన రాయబార కార్యాలయం ఆగస్టు 1న హెచ్చరిక జారీ చేయవలసి వచ్చింది. అప్పటి అధ్యక్షుడు మైకేల్ డి. హిగ్గిన్స్ ఈ దాడులను తీవ్రంగా ఖండించారు. టాలాలో స్థానికులే వందల సంఖ్యలో బాధితుడి పక్షాన ప్రదర్శన చేశారు. ఆ మాటనూ ఆ అడుగులనూ మేము మరచిపోము. కానీ అక్కడి ఆసుపత్రుల్లో రాత్రి డ్యూటీ ముగించుకుని బస్టాపుకు నడిచే మన నర్సు వెనక్కి తిరిగి చూసుకుంటూ నడవవలసిన పరిస్థితి పోవాలి. ఆగస్టులో డబ్లిన్‌లో జరగాల్సిన ఇండియా డే వేడుకను ఆ వాతావరణంలో వాయిదా వేశారు. పరాయి ఊళ్లో ఏడాదికొకసారి తమవారితో కలిసి వీధిలోకి రావడం వలస వచ్చినవారికి ఎంత అవసరమో, 1762 నాటి న్యూయార్క్ ఊరేగింపును గర్వంగా చెప్పుకునే జాతికి తెలియనిది కాదు. రాబోయే ఆగస్టులో ఆ వేడుక నిండుగా, నిర్భయంగా జరిగేలా చూడవలసిన పూచీ డబ్లిన్ ప్రభుత్వానిది.