గేట్లు లెక్కపెట్టినవా?

మా నల్లగొండ గ్రూపుల్లో ఈమధ్య ఒక రాత తెగ తిరుగుతోంది. ‘ఫేక్ న్యూస్ అంటే పచ్చి అబద్ధం, చూడగానే తెలిసిపోతుంది. చదువురాని పల్లెటూరి వాళ్లే దాన్ని మోస్తారు. అయినా నిప్పు లేనిదే పొగ రాదు. జాగ్రత్త కోసం పదిమందికి పంపితే పోయేదేముంది?’ ఇదీ దాని సారం. ఇందులో ఒక్క మాట కూడా నిలవదు.

పచ్చి అబద్ధమైతే పట్టుకోవడం తేలికే. 2018 ఎండాకాలంలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా దిగిందంటూ తిరిగిన వీడియో గుర్తుందా? బైకు మీద ఇద్దరు వచ్చి, వీధిలో ఆడుకుంటున్న పిల్లవాణ్ని ఎత్తుకుని వెళ్లిపోతారు. అది కరాచీలో పిల్లల భద్రత కోసం తీసిన ప్రచార చిత్రం. అసలు దాంట్లో బైకు వెనక్కి తిరిగొస్తుంది, పిల్లవాణ్ని దించుతారు, జాగ్రత్తగా ఉండమని రాసిన అట్ట చూపిస్తారు. ఆ చివరి ముక్క కోసేశారు. మిగతా పని దాని కింద రాసిన రెండు వాక్యాలు చేశాయి. కావాలని అలా కోసినవాడూ, భయపడి చెల్లెలికి పంపిన అన్నా ఒకటి కాదు. ఇద్దరినీ ‘ఫేక్’ అనే ఒకే గాట కట్టేస్తున్నాం.

ఇక చదువు సంగతి. నేను డిగ్రీ చదివినవాణ్నే. పోయిన వానాకాలం ‘సాగర్ గేట్లన్నీ ఎత్తారు’ అన్న వీడియో నాలుగు గ్రూపుల్లో పెట్టాను. హాలియాలో ఉండే మేనల్లుడు ఫోన్ చేసి, “మామా, గేట్లు లెక్కపెట్టినవా?” అన్నాడు. లెక్కపెడితే పన్నెండు. సాగర్‌కు ఉన్నవి 26. నేను పంపింది శ్రీశైలం! చిన్నప్పటి నుంచి చూస్తున్న డ్యామ్ సాగర్, నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

నిప్పూ పొగా అంటారా, ఒకే మెసేజ్ ఐదు గ్రూపుల నుంచి వస్తే ఐదుగురు సాక్షులు చెప్పినట్టు అనిపిస్తుంది. సాక్షి ఒక్కడే, అతనెవరో ఎవరికీ తెలియదు. పదేపదే విన్న మాట నిజమనిపిస్తుందని మనస్తత్వ పరిశోధకులు 1977లోనే చూపించారు.

పోయేదేముందా? అదే 2018 మే నెలలో బీబీనగర్ మండలంలో ఒక మనిషిని అనుమానంతో కొట్టి చంపారు. గద్వాల, వనపర్తి పల్లెల్లోనైతే వేసవిలో ఆరుబయట మంచాలేసుకునే జనం తలుపులు బిగించుకుని లోపల పడుకోవడం మొదలుపెట్టారు. అది కానిస్టేబుళ్ల కంట పడింది. అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి వాళ్లను ఇంటింటికీ పంపారు, జానపద కళాకారులతో ఊళ్లలో పాటలు పాడించారు. ఆ జూలైలో వాట్సాప్ కూడా మన దేశంలో ఒకసారికి ఐదు చాట్లకు మించి ఫార్వర్డ్ కాకుండా కట్టడి పెట్టింది. ఐదు చేతులు దాటి వచ్చిన మెసేజ్‌కు రెండు బాణాల గుర్తు వేయడం ఆ తర్వాత వచ్చింది.

‘పంపితే పోయేదేముంది’ అన్న ఆ పెద్దమనిషి రాత నాకు చేరినప్పుడు దాని నెత్తిన ఆ రెండు బాణాలున్నాయి.