సవరణ: తడి జుట్టు దువ్వడం గురించి

పొడవు జుట్టు చిక్కులు పడకుండా ఉండాలంటే తడిమీద దువ్వెన పెట్టొద్దని మొన్నటి పోస్టులో రాశాను. అది సాఫీ జుట్టుకే వర్తిస్తుంది. తడిసిన వెంట్రుక సాగి ఇట్టే తెగుతుంది కాబట్టి సాఫీ జుట్టువాళ్లు కాస్త ఆరనివ్వాలి. ఉంగరాల జుట్టువాళ్లు పూర్తిగా ఆరాక దువ్వితే చిక్కుతోపాటు వెంట్రుకలూ ఊడొస్తాయి. వాళ్లు కండిషనర్ తలమీద ఉండగానే, వెడల్పు పళ్ల దువ్వెనతో కొసల దగ్గర మొదలుపెట్టి మెల్లగా పైకి రావాలి. చిక్కుకి కాస్త పైన జుట్టుని పిడికిట్లో బిగించి పట్టుకుంటే కుదుళ్లు లాగవు.

అదే పోస్టులో విశాఖ ఆర్కే బీచ్‌కి జడ వేసుకునే వెళ్లమన్నది మాత్రం అందరికీ. ఆ గాలిలో విరబోసుకుంటే ఇంక అంతే సంగతులు! సముద్రంలో మునిగితే ముందు మంచినీళ్లతో ఉప్పు వదిలించండి, దువ్వెన తర్వాత. కొబ్బరినూనె తలస్నానానికి ముందు రాస్తే జుట్టు దెబ్బతినడం తగ్గుతుంది కానీ, ఇప్పటికే చిట్లిన కొసలు అతుక్కోవు. వాటిని కత్తిరించాల్సిందే.