సవరణ: ధర్మవరం మగ్గం, జాకార్డు

ఉమ్మడి అనంతపురం జిల్లా ధర్మవరం పట్టుచీరల గురించి మొన్న రాస్తూ, మగ్గం మీద అమర్చే జాకార్డు అనే పరికరం వచ్చి నేతగాడి పనిని లాక్కుందన్నాను. అది తప్పు, మన్నించాలి. 1804 నాటి ఈ ఫ్రెంచి పరికరం చిల్లులు పొడిచిన అట్టలను బట్టి, బొమ్మ పడేలా పడుగు పోగులను (మగ్గం మీద నిలువుగా ఉండే దారాలను) ఎత్తుతుంది, అంతే. దానివల్ల పని పోయింది, అంతకుముందు ఆ పోగులను చేత్తో లాగే సహాయకుడికి. చేమగ్గం మీద నాడె (అడ్డదారాన్ని అటూ ఇటూ మోసుకెళ్లే సాధనం) ఆడించడం, తెగిన పోగును వేళ్ల కొసలతో మెలిపెట్టి అతకడం ఇప్పటికీ మనిషి పనే. నేత పనినే లాక్కునేది కరెంటుతో నడిచే మరమగ్గం. అందుకే 1985లో కొన్ని రకాల బట్టలను చేమగ్గాలకే కేటాయిస్తూ చట్టం చేశారు.

ఆ అట్టల కోసం గళ్ల కాగితంపై చీర అంచు బొమ్మలు వేసేవారి పని కంప్యూటర్‌కు పోతోందన్న నా దిగులు మాత్రం అలాగే ఉంది. ఆ మాట వెనక్కి తీసుకోను.