షుగర్ అంకె వెంట పరుగు చాలు, రాత్రి డ్యూటీలో సిస్టర్లను పెంచండి

పక్షవాతంతో ఆస్పత్రిలో చేరిన మనిషి స్కాన్‌లో ఏముందో ఇంట్లోవాళ్లకు అంతుపట్టదు. గ్లూకోమీటర్ అంకె మాత్రం అందరికీ అర్థమవుతుంది. 'షుగర్ 260 ఉందట, ఇంకా తగ్గించలేదేంటి?' అని ఫోన్లలో ఊరంతా తిరిగేది ఆ అంకే. చివరికి ఆ టెన్షన్ డాక్టర్ మీద పడుతుంది, ఇన్సులిన్ డోసు పెరుగుతుంది.

షుగర్‌ను నార్మల్‌కు దించేస్తే మెదడు కోలుకుంటుందన్న ఆశ నిజం కాదని అమెరికాలో జరిగిన షైన్ ట్రయల్ 2019లోనే తేల్చేసింది. అందులో 1,151 మంది స్ట్రోక్ రోగులున్నారు. కొందరికి ఇన్సులిన్ డ్రిప్ పెట్టి షుగర్‌ను 80-130 మధ్య బిగించారు. మిగతావాళ్లకు మామూలు ఇంజెక్షన్లతో 180 దాటకుండా చూశారు. 90 రోజులకు బాగా కోలుకున్నవాళ్లు మొదటి గుంపులో 20.5 శాతం, రెండో గుంపులో 21.6 శాతం. ఇంత కష్టపడి సాధించిందేమీ లేదు. పైగా, బిగించిన గుంపులో 2.6 శాతం మందికి షుగర్ 40 కన్నా కిందికి పడిపోయింది. రెండో గుంపులో ఒక్కరికీ పడలేదు.

షుగర్ ఎక్కువున్నవాళ్లే ఎక్కువగా నష్టపోతున్నారు కదా అనేవాళ్లున్నారు. నిజమే, క్లాట్ కరిగించే మందు ఇచ్చాక మెదడులో రక్తస్రావమయ్యే ముప్పు కూడా వాళ్లకే ఎక్కువ. కానీ స్ట్రోక్ పెద్దదైనకొద్దీ ఒంట్లో స్ట్రెస్ హార్మోన్లు ఎగదన్ని షుగర్ పెరుగుతుంది. ధవళేశ్వరం దగ్గర వరద స్కేలును కిందికి లాగితే గోదావరి తగ్గుతుందా? అలాగని 300 ఉన్నా వదిలేయమనడం లేదు. అమెరికా మార్గదర్శకాలు చెప్పే 140-180 మధ్య ఉంచితే సరిపోతుంది.

అసలు భయపడాల్సింది షుగర్ పడిపోవడం గురించి. మామూలు మనిషైతే చెమటలు పడుతున్నాయనో, కళ్లు తిరుగుతున్నాయనో చెబుతాడు. మాట పడిపోయిన మనిషి ఎలా చెబుతాడు? మత్తుగా పడుకుంటే స్ట్రోక్ ముదిరిందనుకుంటాం. అది కనిపెట్టాలంటే రాత్రి రెండింటికి లేచి వేలికి సూది పొడిచే మనిషి ఉండాలి. డ్రిప్ పెట్టడం తేలికే, దాన్ని గంటగంటకూ కనిపెట్టుకుని ఉండటమే కష్టం.

నా దృష్టిలో షైన్ కన్నా పెద్ద కబురు 2011లోనే ఆస్ట్రేలియా నుంచి వచ్చింది. న్యూ సౌత్ వేల్స్‌లోని 19 స్ట్రోక్ యూనిట్లలో క్వాస్క్ అనే అధ్యయనం జరిగింది. కొత్త మందు లేదు, కొత్త మిషన్ లేదు. జ్వరం, షుగర్, మింగడం, ఈ మూడింటినీ మొదటి మూడు రోజులు పద్ధతి ప్రకారం చూసే పనిని నర్సుల చేతిలో పెట్టారు. మామూలు వైద్యం అందిన చోట 90 రోజులకు చనిపోయినవాళ్లు, ఇతరులపై ఆధారపడినవాళ్లు కలిపి 58 శాతం. నర్సులు ఈ పద్ధతి పాటించిన చోట అది 42 శాతం. ఇంత తేడా ఏదైనా మాత్ర వల్ల వచ్చి ఉంటే దాని ప్రకటనలు మన టీవీల నిండా ఉండేవి.

మన దగ్గర సంగతి వేరు. నీరసంగా ఉన్నాడు, గ్లూకోజ్ బాటిల్ ఎక్కించండని బంధువులే బతిమాలతారు. షుగర్ పడిపోతే తప్ప స్ట్రోక్ రోగికి అది వద్దు. మింగగలడో లేదో ఎవరూ చూడకముందే కొబ్బరినీళ్లు గొంతులో పోస్తారు. అవి ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా. ఇదంతా చూసుకోవాల్సిన సిస్టర్ ఒక్కతే ఎన్ని మంచాల మధ్య తిరగగలదు? కొత్త స్కానర్ వస్తే రిబ్బన్ కత్తిరించడానికి మంత్రిగారు వస్తారు. రాత్రి డ్యూటీకి అదనంగా ఇద్దరు సిస్టర్లను వేస్తే ఏ నాయకుడు ఫొటో దిగుతాడు?

ఈసారి మీవాళ్లనెవరినైనా చేరిస్తే, షుగర్ ఎంతని అడిగే ముందు మింగే పరీక్ష చేశారా అని అడగండి. రాత్రిపూట ఈ వార్డులో ఎంతమంది సిస్టర్లుంటారో కూడా అడగండి.