సవరణ: లూషియన్ పీఠికలో హెరొడోటస్ పేరు లేదు

క్రీ.శ. 2వ శతాబ్దపు గ్రీకు రచయిత లూషియన్ రాసిన ‘నిజమైన కథ’ అనే కల్పిత యాత్రాకథ గురించి నా గత వ్యాసంలో, ఆయన పీఠికలోనే గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్‌ను అబద్ధాలకోరుగా పేర్కొన్నాడని రాశాను. అది తప్పు, పాఠకులు మన్నించాలి. పీఠికలో పేర్లున్నవి ముగ్గురికి: భారతదేశం గురించి తాను చూడనివీ, నిజం పలికేవారి నోట విననివీ రాసిన గ్రీకు రచయిత క్టేసియస్‌కు, మహాసముద్రపు వింతలు వర్ణించిన మరో గ్రీకు రచయిత ఇయాంబులస్‌కు, వీరికి దారి చూపిన హోమర్ కావ్యనాయకుడు ఒడిస్సియస్‌కు.

లూషియన్ పాఠకుణ్ణి మోసగించాడన్న నా వాక్యాన్నీ ఉపసంహరించుకుంటున్నాను. కథలోని ఓడ సుడిగాలికి లేచి, ఏడు పగళ్లు ఏడు రాత్రులు గాలిలో సాగి, ఎనిమిదవ రోజున చంద్రుణ్ణి చేరిందని చెప్పబోయే ముందే, తాను అబద్ధం చెబుతున్నాననడం ఒక్కటే ఇందులో నిజమని ఆయన ఒప్పుకున్నాడు, ఏ మాత్రం నమ్మవద్దని కూడా కోరాడు. క్టేసియస్‌పై మోపిన నేరాన్నే, దాదాపు అవే మాటలతో, తన మీద తాను మోపుకోవడం నాకు ఎంతో గొప్పగా అనిపిస్తుంది.

హెరొడోటస్ కనిపించేది రెండవ భాగంలో, పాపులను శిక్షించే దీవిలో. అబద్ధాలు రాసినవారికి అన్నిటికన్నా ఘోరమైన శిక్షలు పడే ఆ చోట క్టేసియస్ కూడా ఉంటాడు. వారిని చూసిన కథకుడు, తెలిసి తానెన్నడూ అబద్ధమాడలేదు గనుక తనకు భయం లేదని ధైర్యపడతాడు.